కబుర్ల గంటకు రానివాడు

ఈ శుక్రవారం కూడా కొండల్ రాలేదు.

సుమలత అతని పేరు పక్కన మళ్ళీ సున్నా వేసింది. అది ఇరవై నాలుగోది.

శంషాబాద్‌లో ఆ కంపెనీకి ఉన్నది ఒకటే గది. అందులో కూర్చునేది సుమలత ఒక్కతే. పని చేసే ఆరుగురూ ఆరు దేశాల్లో, ఎవరి ఇంట్లో వాళ్ళు. ఈ దేశం వాటాకు వచ్చినవాడు కొండల్. ఉండేది మంఖాల్‌లో.

విమానాల్లో పోయే మందుల పెట్టెలు వేడెక్కకుండా కంప్యూటర్ తెర మీద కనిపెట్టి ఉండటం వాళ్ళ పని. ఎవరి పెట్టెలు వాళ్ళవి. ఒకరి ముఖం ఒకరు చూసింది లేదు.

అందుకే ఆర్నెల్ల కింద సుమలతను పెట్టుకున్నారు.

"వీళ్ళని ఒక్కింటోళ్ళలా చెయ్యమ్మా," అన్నారు పైవాళ్ళు.

ఆమె కబుర్ల గంట పెట్టింది. శుక్రవారం సాయంత్రం, తెర మీదే. నైరోబీ నుంచి గ్రేస్ పాట పాడేది. మనీలా నుంచి మారిసెల్ తన పిల్లిని చూపించేది. దుబాయ్‌లో ఉండే అరుణ్‌కుమార్ పైవాళ్ళ గొంతులు అనుకరించి నవ్వించేవాడు.

కొండల్ మాత్రం ఒక్కసారీ రాలేదు.

సుమలత ఫోన్ చేసింది.

"ఈ వారమూ రాలేదేం కొండల్ గారూ?"

"పనిల ఉన్న మేడం."

"పని అందరికీ ఉంది. అందరూ వస్తున్నారుగా?"

"అవు, వస్తున్నరు." అతను నవ్వాడు. "గ్రేస్ మస్తు పాడిందంట గదా!"

"మీరూ వచ్చి వినొచ్చుగా?"

"నాకు కుదరది మేడం."

సుమలతకు విసుగొచ్చింది.

"నెలాఖరుకు మీ కాంట్రాక్టు అయిపోతుంది. నలుగురితో కలవనివాళ్ళని ఉంచొద్దన్నారు. ఒక్కసారి రండి చాలు, మిగతాది నేను చెప్పుకుంటాను."

"ఈ నౌకరి పోతే పరేషాన్ అయిత మేడం. ఇల్లంతా దీని మీదనే నడుస్తది."

"అందుకే చెప్తున్నా. వచ్చే శుక్రవారం రండి."

"చూస్త."

ఆ శుక్రవారం మారిసెల్ పుట్టినరోజు. అయిదుగురూ వచ్చారు. మారిసెల్ కేకు కోస్తూ సంతోషంతో ఏడ్చేసింది.

కొండల్ రాలేదు.

సుమలత ఇక ఆలోచించలేదు. కొండల్‌ను ఉంచక్కర్లేదని పైవాళ్ళకు కాగితం పంపేసింది.

నెలాఖరు గురువారం పడింది. కొండల్ కంప్యూటర్‌ను తువ్వాలలో చుట్టుకుని తెచ్చి ఇచ్చాడు. సుమలత అతన్ని చూడటం అదే మొదలు. నలభై అయిదేళ్ళుంటాయి. కళ్ళు ఎర్రగా ఉన్నాయి.

"మీదే ఊరు మేడం?"

"తుక్కుగూడ."

"ఓ, పక్క పక్క ఊర్లే! ఇన్నొద్దులు ఎరుకనే లేదు."

నెత్తి మీంచి విమానం పోయేదాకా ఇద్దరూ ఆగారు. అతను సంతకం పెట్టి, తువ్వాల భుజాన వేసుకున్నాడు. గడప దాకా పోయి వెనక్కి తిరిగాడు.

"రేపు కబుర్ల గంట ఉంటదా?"

"ఉంటుంది. ఎందుకు?"

"ఏం లేదు. ఇగ నేనుండనని వాళ్ళకు జర ముందుగాల చెప్పుండ్రి."

ఎప్పుడూ రానివాడు రాకపోతే ఎవరికి తెలుస్తుందట, అనుకుంది సుమలత. పైకి "సరే" అంది.

చెప్పలేదు.

మర్నాడు సాయంత్రం తెర తెరిచి కూర్చుంది. అయిదు నిమిషాలైంది. పావుగంటైంది.

ఒక్కరూ రాలేదు.

అరుణ్‌కుమార్‌కు ఫోన్ చేసింది.

"ఏమైంది అరుణ్? ఎవరూ రాలేదేం?"

"ఎట్లొస్తం అక్కా? పెట్టెల మీదికెళ్ళి కన్ను తిప్పేటట్టు లేదు." అతని గొంతులో కంగారు. "అవునుగానీ, కొండలన్నకు పానం బాగలేదా? పొద్దటి సంది దొరుకుతలేడు."

"ఆయనతో మీకేం పని? ఒక్కనాడూ మీతో కూర్చున్నవాడు కాదు!"

అరుణ్‌కుమార్ గొంతు తగ్గించాడు.

"పైవాళ్ళకు తెలిస్తే మాకు మాటొస్తదని మీకు చెప్పలేదక్కా," అన్నాడు. "మేం మీ తాన నవ్వుకుంట కూసున్న ఆ గంటసేపు, మా అయిదుగురి పెట్టెలు అన్న ఒక్కడే కాసేటోడు."