తెలీదు అనకూడని గది

“చదువు. రోజూ ఎలా చదువుతావో అలాగే చదువు,” అన్నాడు డైరెక్టరు.

కాగితం మీద ఉన్నవి వదిన మాటలు కావు. పొద్దున్నే కూర్చుని చదవాల్సినవాడే రాశాడు.

అతని ఉద్యోగం మాట్లాడటం. అంతరిక్ష కేంద్రంలో వేలమంది పనిచేస్తారు. పైనున్న నౌకతో మాట్లాడేది మాత్రం ఒక్క గొంతే. ఇంటివాళ్ళు రాసిన ఉత్తరాలు కూడా ఆ గొంతే చదివి వినిపించాలి. ఆ గదిలో ఇంకో కట్టుబాటు ఉంది. పైనుంచి ఏమడిగినా ‘తెలీదు’ అనకూడదు. కింద ఉన్నవాడికే తెలీదంటే పైనున్నవాడి చెయ్యి వణుకుతుందట.

నౌకలో ముగ్గురున్నారు. అతను వదినా అని పిలిచే కెప్టెన్ భార్య నిన్న రోడ్డు దాటుతుంటే లారీ గుద్దేసింది. అక్కడికక్కడే పోయింది.

“తనంతట తాను దిగే యంత్రం చెడింది. ముప్ఫై అయిదు రోజుల తర్వాత నౌకని చేత్తో దించాలి. అది చాతనైనవాడు కెప్టెనొక్కడే. ఇప్పుడు చెప్పి ముగ్గురినీ చంపుకుందామా?”

“దిగాక ఎవరు చెబుతారు సార్?”

“నువ్వే. గొంతు నీదేగా.”

పదింటికి నౌక మాటకు అందింది.

“ఏం తమ్ముడూ, మీ వదిన ఇవాళ దేనికి తిట్టింది?”

అతను చదివాడు. వంటింటి కుళాయి కారుతోంది. బాగుచేసేవాడు రేపు మాపు అంటున్నాడు. మీరు జాగ్రత్త.



“జాగ్రత్తా? రాసింది మీ వదినేనా?”

“రోజులు దగ్గరపడుతున్నాయి కదన్నా. మెత్తబడినట్టుంది.”

పైన చాలాసేపు చప్పుడు లేదు. 

“పిల్లి తిరిగొచ్చిందా?”

పాత ఉత్తరాల్లో పిల్లి ఊసు చదివినట్టు అతనికి గుర్తు లేదు. కట్ట విప్పి వెతికే వ్యవధీ లేదు. డైరెక్టరు వైపు చూశాడు. కానివ్వమన్నట్టు తలాడించాడు డైరెక్టరు.

“వచ్చిందన్నా. గిన్నెడు పాలు తాగేసి పడుకుంది.”

“చిరిగిన చెవి మానిందా?”

“మానిపోయింది.”

“సరే,” అన్నాడు కెప్టెన్. మళ్ళీ “సరేలే తమ్ముడూ,” అన్నాడు.

సాయంత్రం అతను కెప్టెన్ ఇంటికి వెళ్ళాడు. తాళం వేసి ఉంది. వాళ్ళకి పిల్లల్లేరు. వదిన తమ్ముడు దహనం కానిచ్చి ఆ పూటే వెళ్ళిపోయాడు. పిల్లి కోసం గోడ చుట్టూ తిరిగి, గుమ్మంలో చిప్పతో పాలు పెట్టొచ్చాడు. మర్నాడు చూస్తే పాలు పెట్టినవి పెట్టినట్టే ఉన్నాయి. చీమలు పట్టాయి.

ఆ తర్వాత రోజూ కెప్టెన్ ముందు పిల్లి సంగతే అడిగేవాడు. అది పరదా చింపిందని చెప్పాడు అతను. పక్కింటావిడ దెబ్బలాటకొచ్చిందన్నాడు. ఇరవయ్యో రోజున ఈనిందన్నాడు.

“ఎన్ని పెట్టింది?”

“మూడన్నా. ఒకటి అచ్చం మీలాగే, ఎవరి మాటా వినదు.”

పైనుంచి నవ్వు వినిపించింది. “ఇల్లంతా సందడే అయితే. చెప్పు తమ్ముడూ, ఇంకా చెప్పు.”

వదిన సంగతి అడగడం మానేశాడు కెప్టెన్. బతికాంరా అనుకున్నాడు అతను. ఇంటికెళితే మాత్రం అన్నం సయించేది కాదు. చచ్చిపోయిన మనిషి తన గొంతులో కూర్చున్నట్టుండేది.

ముప్ఫై అయిదో రోజున నౌక దిగింది. గీత గీసినట్టు దిగింది.

“చూశావా? చెయ్యి ఇంతైనా వణకలేదు. నీ చలవే,” అన్నాడు డైరెక్టరు.

ఆసుపత్రిలో కెప్టెన్‌ని చూడటానికి మూడు రోజులాగమన్నారు. ఆ మూడు రోజులూ అతను సందులన్నీ తిరిగాడు. ఆడిన అన్ని అబద్ధాల్లో ఒక్కదాన్నయినా నిజం చేసి చేతిలో పెట్టాలనిపించింది. చివరికి చేపల బజారు వెనక దొరికింది, చెవి చిరిగిన పిల్లి. బుట్టలో పెట్టుకుని వెళ్ళాడు.

కెప్టెన్ కాళ్ళింకా నిలవడం లేదు. చక్రాల కుర్చీలో కిటికీ దగ్గరున్నాడు. అతను బుట్ట తెరిచి పిల్లిని ఒళ్ళో పెట్టాడు. దాని చిరిగిన చెవిని నిమిరాడు కెప్టెన్. ఆ చెయ్యి ఇప్పుడు వణుకుతోంది.

“వదిన గురించి ఒక మాట చెప్పాలన్నా.”

కెప్టెన్ తలెత్తలేదు.

“మేమెప్పుడూ పిల్లిని పెంచలేదు.”