కంటి తూకం

"ఇంకెంత సేపు పోశయ్యా? అక్కడ కాంటా నడుస్తాంది, ఇక్కడ నేను నిలవడ్డ!"

కాంపౌండరు పోశయ్య తల ఎత్తలేదు. "జర ఓపిక పట్టు సావుకారీ. కుండల నీళ్లన్ని నువ్వే తాగితివి, పేషెంట్లకు ఇంత ఉంచు."

వెంకట్రాజం కూర్చోలేకపోయాడు. దవాఖాన వరండాలో అటూ ఇటూ తిరిగాడు. వరంగల్ మార్కెట్‌లో అతనిది మిర్చి దుకాణం. సీజన్ మంచి జోరు మీదుంది. అయినా పొద్దున్నే భార్య అనసూయ "నా పానం పోతాంది, డాక్టరు దగ్గరికి తీస్కపోండ్రి" అనేసరికి అన్నీ వదిలి రిక్షా ఎక్కాడు. చొక్కా చెమటకు తడిసి ముద్దయింది. గుండె ఒకటే దడ. ఇంటిదానికి ఇట్లా ఉంటే ఎవరి గుండె నిలకడగా ఉంటుంది? పైగా బస్తా కుడుతుంటే దబ్బనం దిగిన బొటనవేలొకటి, ఇదే అదనని సలుపుతోంది.

పిలుపు రాగానే లోపలికి నడిచాడు. ముందే లోపలికి వెళ్లిన అనసూయ మంచం మీద పడుకుని, చెయ్యి కొంగులో దాచుకుని డాక్టర్ రాజేశ్వర్ రావుకు చెప్పసాగింది.

"నిద్ర లేదు సార్. ఒక్క తాన కుదురు లేదు. ఎన్ని నీళ్లు తాగినా దూప తీరది. చేతులు వణుకుతయ్. వేలి పుండు చీము పట్టినంక, మూడొద్దుల సంది మరీ ఎక్కువైంది. రెండు నెలలల్ల పది కిలోలు తగ్గుడాయె."

వెంకట్రాజానికి ఒళ్లు మండింది. బస్తాను చూసి అరకిలో తేడా లేకుండా బరువు చెప్పే మనిషి అతను.

"ఉత్త మాట సార్! ఇది కిలో గూడ తగ్గలే. నా కన్ను కాంటా కంటె నయం."

"నీ కన్ను మంచిదే," అన్నాడు డాక్టరు అతనివైపే చూస్తూ. "రోగమే మంచిది కాదు. గొంతుల థైరాయిడ్ గ్రంథి రేగింది. షుగర్ పెరిగి రక్తం విషమైతాంది. చీము ఆ రెంటినీ ఒక్కపారే లేపింది. ఇయ్యాల అడ్మిట్ కాకుంటే రేపటికి మనిషి దక్కుడు కష్టం."

వెంకట్రాజం నోరు ఎండిపోయింది. రెండు నెలలుగా ఆమె దవాఖానకు పోదామంటుంటే, సీజన్ అయ్యాక చూద్దామని వాయిదా వేసింది తనే.

"చేర్చుకోండ్రి సార్! సీజన్ మునిగితే మునగనీ. నాకు మనిషి కావాలె!"

"మళ్ల మాట మార్చవు గద?"

"మార్చితే నేను వెంకట్రాజాన్నే కాదు!"

అతని నోటి నుంచి ఆ మాట రావడమే ఆలస్యం, అనసూయ చప్పున మంచం దిగి, ఏ పుండూ లేని చెయ్యి కొంగులోంచి తీసి పరుపు తట్టింది: "ఇగ పండుకోండ్రి, నేను చెప్పిన రోగాలన్నీ మీయే."