రాజీనామా పద్నాలుగో ఎపిసోడ్‌లో

"రాజీనామా ఇచ్చేశాను," అంది భార్య, గుమ్మంలో చెప్పులు విప్పుతూ.

"ఇది తొమ్మిదో ఎపిసోడే. టైపిస్టు రాజీనామా పద్నాలుగులో," అన్నాడు భర్త, టీవీ మీంచి చూపు తిప్పకుండా.

అదొక ఆఫీసు సీరియల్. ఏడోసారి చూస్తున్నాడు. తెలియనివాళ్ళ సందేహాలు తీర్చడం తన బాధ్యత అనుకుంటాడు.

"మీ టైపిస్టు కాదండీ. నేను."

రిమోట్ నొక్కాడు. టీవీలో మేనేజరు నోరు తెరిచి ఆగిపోయాడు.

"మీ మేనేజరు బతిమాలలేదా?"

"కాగితం చూసి, తేదీ వెయ్యలేదేంటమ్మా అన్నాడు. వేశాను."

"మిగతావాళ్ళు? గేటు దగ్గర అడ్డం పడలేదా?"

"అడ్డం పడేది మీ సీరియల్‌లో. మావాళ్ళు తలెత్తి కూడా చూడలేదు. పదహారేళ్ళుగా అక్కణ్ణించి బయటికెళ్ళిన ప్రతి కవరు మీదా నా చేతిరాతే."

టైపిస్టు టీలో ఎన్ని చెంచాల చక్కెర వేసుకుంటుందో అతనికి తెలుసు. ఆమె చెల్లెలి పెళ్ళి ఎందుకు ఆగిపోయిందో కూడా తెలుసు.

"కవర్లా? నువ్వు చేసేది టైపు కాదూ?"

"టైపు చేసేది ఆవిడ," అంది భార్య, టీవీ వైపు చూపిస్తూ.

అతను కాసేపు టీవీ వంక చూసి, దాన్ని కట్టేశాడు. కుర్చీ భార్య వైపు తిప్పుకున్నాడు.

"మొదటి రోజు నుంచి చెప్పు."

"పదహారేళ్ళ సోది. మీకు విసుగేస్తుంది."

"చూసిందే ఏడుసార్లు చూసినవాణ్ణి," అన్నాడతను. "ఇది ఒక్కసారి కూడా వినలేదు."