జత మారింది

షాలిని వచ్చి తన భుజం మీద చెయ్యి వేస్తుందని ఈశ్వరి నిలబడే ఉంది. షాలిని ఆమెను దాటుకుని పోయి ఝాన్సీ భుజం మీద వేసింది.

"ఏటే, నాతో రావా?" అంది ఈశ్వరి.

"ఈరోజు ఝాన్సీతో ఎల్తన్నాను."

"మరి నాను?"

"జగ్గమ్మ ఉన్నాది గదా."

కబడ్డీకి వచ్చిన ఏడో తరగతి ఆడపిల్లలంతా విన్నారు. ఎవరో కిసుక్కుమన్నారు. ఈశ్వరికి చెవులు వేడెక్కాయి. బళ్లో చేరినప్పటినుంచీ షాలినికి జత తనే. ఝాన్సీ కొత్తవలసనుంచి మొన్న జూన్‌లో వచ్చింది. అప్పటినుంచీ షాలిని ఆ పిల్ల సైకిలెక్కే ఇంటికి పోతోంది. పోనీలే అనుకుంది. ఇప్పుడు ఆటలో కూడానా?

జట్లు పంచుకోవడం మొదలైంది. సమానంగా ఆడే ఇద్దరిద్దరు జతకట్టి, గోడవారకు వెళ్లి దొంగపేర్లు పెట్టుకుని రావాలి. రెండు జట్ల నాయకురాళ్లు, దేముడమ్మ, జ్ఞానసుందరి, వంతులవారీగా ఒక పేరు కోరుకుంటారు. కోరుకున్న పిల్ల ఇటు, మిగిలిన పిల్ల అటు.

ముందు ఈశ్వరి, జగ్గమ్మ జతగా వెళ్లారు. జగ్గమ్మ జ్ఞానసుందరికి పోయింది. ఈశ్వరి దేముడమ్మ జట్టులో పడింది.

తర్వాత షాలిని, ఝాన్సీ ఒకరి మీద ఒకరు చేతులేసుకుని వచ్చారు.

"జీడిపండు కావాలా, పనసతొన కావాలా?" అంది షాలిని.

"పనసతొన!" అంది దేముడమ్మ. పనస పేరెత్తితే ఆమె ఇంకోటి కోరుకోదని బడిలో అందరికీ తెలుసు.

పనసతొన షాలిని. వచ్చి ఈశ్వరి పక్కన నిలబడింది. ఈశ్వరి మొహం తిప్పుకుని దూరంగా జరిగింది.

ఆట హోరాహోరీగా నడిచింది. చివరికి అటు ఝాన్సీ ఒక్కతే మిగిలింది. ఇటు వీళ్లిద్దరే.

ఝాన్సీ కూతకు వచ్చింది. ఈశ్వరి దూకి కాలు పట్టుకుంది. ఝాన్సీ గట్టి పిల్ల. కూత ఆపకుండా ఈశ్వరిని దుమ్ములో ఈడ్చుకుంటూ నడిగీతదాకా పోయింది. ఈశ్వరి వేళ్లు జారిపోతున్నాయి.

"ఒదలకే! నానున్నాను!"

షాలిని వచ్చి ఝాన్సీ నడుం చుట్టేసింది. ముగ్గురూ కలిసి పడ్డారు. గీతకు జానెడు ఇవతల కూత ఆగిపోయింది.

దేముడమ్మ జట్టంతా కేకలేస్తూ వచ్చి మీద పడింది. ఆ గోలలోనే షాలిని ఈశ్వరిని వాటేసుకుంది. ఈశ్వరి విదిలించుకుంది.

"నన్ను ముట్టుకోకు. నీ జత ఓడిపోనాది గదా, ఎల్లి ఓదార్సు."

షాలినికి మోకాలు చీరుకుపోయి రక్తం కారుతోంది. అయినా పగలబడి నవ్వింది.

"ఓలమ్మ! ఒసే పిచ్చిదానా, ఇన్నేళ్లూ నీతో జతకట్టి ఒక్కసారైనా నీ పక్కన ఆడినానేటే?"