మనం ఏ రాష్ట్రంలో ఉన్నాం?

“మొగిలిగారూ, ఇంకోసారి అడుగుతున్నాను. మనం ఇప్పుడు ఏ రాష్ట్రంలో ఉన్నాం?”

“తెలంగాణల.”

నర్సు సెలీనాకు తలప్రాణం తోకకొచ్చింది. పేరడిగితే చెప్పాడు. నెలా సంవత్సరం చెప్పాడు. చెయ్యెత్తమంటే ఎత్తాడు. రాష్ట్రం దగ్గరికొచ్చేసరికి మాత్రం పట్టిన కుందేలుకు మూడే కాళ్లు.

ప్రత్యేక తెలంగాణ కోసం సకల జనుల సమ్మె నడుస్తున్న రోజులవి. హైటెక్ సిటీ అద్దాల మేడలకు ఉద్యోగుల్ని చేరవేసే క్యాబులు చాలావరకు ఆగిపోయాయి. మొగిలి క్యాబూ ఆగింది. ఖాజాగూడ చౌరస్తాలో నినాదం ఎత్తుకునేది అతనే. మొన్న అక్కడే “జై” అన్నాడు గానీ ఆ తరువాతి మాట నోట్లోంచి రాలేదు. మూతి ఓ పక్కకు పోయింది. కాసేపటికి సర్దుకుంది కానీ, పరీక్షలు చేస్తే మెదడులో మాట పుట్టే చోటికి నెత్తురందించే నాళం సన్నబడిందని తేలింది. అది పూర్తిగా మూసుకుపోతే మాట మళ్లీ రాదన్నారు డాక్టర్లు. నినాదమే ఊపిరైన మనిషికి అంతకన్నా పెద్ద శాపం ఏముంటుంది?

ఈ ప్రశ్నలు ఊరికే అడగడం లేదనీ, మెదడు సరిగ్గా ఉందో లేదో చూడ్డానికనీ సెలీనా ఓపిగ్గా చెప్పింది. తప్పు చెబితే తికమకలో ఉన్నాడనుకోవాల్సి వస్తుందని కూడా అంది.

“తికమక నాకు లేదు బిడ్డా,” అన్నాడు మొగిలి. “ఢిల్లీకున్నది.”

పక్కనే నిలబడ్డ భార్య అంజమ్మకు ఒళ్లు మండింది. పానం మీదికొచ్చినా నీ మొండితనం పోదా, ఆమె అడిగినట్టు చెప్తే నీ సొమ్మేం పోతదని తిట్టిపోసింది. మొగిలి కళ్లు మూసుకుని నిద్ర నటించాడు.

డాక్టర్ భీమేశ్వరరావు వచ్చాడు. ఆయనది అమలాపురం. చేరిన రోజే ఆ సంగతి తెలిసి, నా తలకాయ ఆంధ్రాయన చేతిల పెట్టుడేందని మొగిలి మంచం దిగబోయాడు. అంజమ్మ భుజం పట్టి మళ్లీ పడుకోబెట్టింది. తలేమీ కొయ్యబోమని డాక్టరు ఆ రోజే విడమరచి చెప్పాడు. తొడ దగ్గర చిన్న రంధ్రం చేసి, సన్నటి తీగను మెదడు దాకా పంపి, ఇరుకైన చోట చిన్న బెలూను ఊది, నాళం మళ్లీ ముడుచుకోకుండా జల్లెడలాంటి గొట్టం పెడతాడట.

“మీ డ్రైవర్ల భాషలో చెప్పాలంటే రోడ్డు వెడల్పండి,” అన్నాడు.

“రోడ్డు వెడల్పంటే ఎవలదో ఇల్లు కూలగొడ్తరు గద సార్,” అన్నాడు మొగిలి అనుమానంగా.

డాక్టరు పగలబడి నవ్వాడు. ఆ నవ్వుతోనే మొగిలికి సగం భయం పోయింది.

ఇవాళ సెలీనా ఆయన్ని వరండాలోకి పిలిచి రాష్ట్రం గొడవంతా చెప్పుకుంది. ఆయన తాపీగా విన్నాడు.

“రాష్ట్రం సంగతి మనిద్దరం తేల్చేది కాదులే అమ్మా. ఆయన జవాబు తెలంగాణ. పనయ్యాక కూడా అదే రావాలి. మారిందంటేనే నాకు భయం.”

తొడకు మత్తిచ్చారు గానీ మనిషిని మెలకువగానే ఉంచారు. తల కదపొద్దు, మాట ఆపొద్దు అన్నారు. డాక్టరు కళ్లు తెర మీద, చేతులు తీగ మీద. మణికొండ నుంచి ఖాజాగూడకు ఎలా వెళ్తారో చెబుతూ ఉండమన్నాడు. మొగిలి హుషారుగా మాటల్లోనే బండి తీశాడు. మర్రిచెట్టు దాటించాడు, గుంతలు తప్పించాడు, అడ్డమొచ్చిన ఆటోవాణ్ణి తిట్టాడు. సరిగ్గా బెలూను ఊదుతున్నప్పుడు గొంతు ఆగిపోయింది.

సెలీనా మనసులోనే ప్రభువును తలుచుకుంది.

“మొగిలిగారూ?”

“ఎర్రలైటు పడ్డది సార్. ఆగిన.”

ఈ ఒక్కసారికి సిగ్నలు దాటెయ్యమని డాక్టరు బతిమాలాడు.

పని చక్కగా ముగిసింది. తెర మీద నెత్తురు గలగలా పారుతుంటే భీమేశ్వరరావుకు కడుపు నిండిపోయింది. మొగిలిని బయట గదిలోకి తెచ్చి పడుకోబెట్టారు. అంజమ్మ పరుగున వచ్చి మంచం పట్టుకుంది. డాక్టరు మళ్లీ మొదటినుంచీ అడిగాడు. పేరు సరిగ్గా చెప్పాడు. అంజమ్మను చూపిస్తే, నా పెండ్లామన్నాడు. చెయ్యి నిటారుగా ఎత్తాడు.

“మనం ఏ రాష్ట్రంలో ఉన్నామండి?”

మొగిలి డాక్టరు ముఖంలోకి కాసేపు చూశాడు.

“ఆంధ్రప్రదేశ్.”

అమ్మయ్య, ఎట్టకేలకు ఒప్పు చెప్పాడని సెలీనా ముఖం విప్పారింది. డాక్టరు ముఖంలో మాత్రం నెత్తురుచుక్క లేదు. మళ్లీ అడిగాడు. మళ్లీ అదే జవాబు, అంతే స్పష్టంగా.

“సెలీనా, స్కానింగ్ వాళ్లకు ఫోను చెయ్యమ్మా. వెంటనే తీసుకొస్తున్నామని చెప్పు.”

అంజమ్మ గుండెలు బాదుకుంది. “సార్, నా పెనిమిటి పానం పోయినా గా మాట అనడు. లోపల ఏదో అయింది సార్, జర జల్దీ చూడుండ్రి.”

మంచం చక్రాలు కదిలాయి. మొగిలి కంగారుగా చెయ్యి చాపి డాక్టరు కోటు పట్టుకున్నాడు.

“నాకేం కాలె సార్, ఫికర్ చెయ్యకుండ్రి. పోయే మాటను పట్టుకొచ్చి నా నోట్ల పెట్టిండ్రు. దాంతోని ఒక్కపారన్న మీ మనసు ఖుష్ చేద్దామని అట్ల అన్న. రేపటికెల్లి మల్ల తెలంగాణనే.”