ఊపిరితాడు పుట్టుక

“ఊపిరితాడా? ఎందుకు లేదండీ! పొట్టిది ఇవ్వనా, పొడుగుది ఇవ్వనా?”

ఫోన్ల రిపేరు కొట్టువాడు తలెత్తకుండానే అన్నాడు. కంటికి భూతద్దం బిగించుకుని, విప్పదీసిన ఫోనులో ఏదో కెలుకుతున్నాడు.

మాటల మాస్టారికి ఒళ్లు మండింది. పొద్దున్నుంచి ఇది మూడో కొట్టు.

“నాకు తాడు వద్దు నాయనా, ఆ మాట కావాలి. ఛార్జరు తీగని ఊపిరితాడు అని ఎందుకంటారు?”

“ఎందుకంటారేంటి సార్, దాని పేరే అది.”

“ఆ పేరు ఎవరు పెట్టారు?”

కొట్టువాడు భూతద్దం తీసి పక్కన పెట్టాడు. “మా తాత బావులు తవ్వేవాడు. లోపలికి దిగినవాడి నడుముకి ఒక తాడు కట్టేవాళ్లు. ఊపిరాడకపోతే దాన్ని పట్టుకుని పైకి లాగెయ్యడమే. అదీ ఊపిరితాడంటే. ఫోనుకి ఇదీ అంతే కదా!”

“మీ తాత అనగా నువ్వు విన్నావా?”

“నేను పుట్టకముందే పోయాడు సార్.”

“మరి నీకెవరు చెప్పారు?”

“ఒకళ్లు చెప్పేదేముంది, అందరికీ తెలిసిందే!”

మాస్టారు జేబులోంచి కార్డు తీసి, తేదీ వేసి, ఆ ముక్క రాసుకున్నారు. కార్డు చిరిగేంత గట్టిగా రాశారు.

ఆయన గోడు వేరే. బడిలో పాఠాలు చెబుతూనే, పదిహేనేళ్లు వీధులు పట్టుకు తిరిగి, కొత్త వస్తువులకి జనం పెట్టుకున్న పేర్లు ఏరి ఒక పదకోశం తయారుచేశారు. మాటకో కార్డు. ఎవరన్నారు, ఎక్కడన్నారు, ఏ రోజన్నారు, అన్నీ దాని మీద ఉండాలి. పెళ్లికి పిలిస్తే, వంటవాళ్ల పక్కన చేరి మిక్సీని ఏమంటారని అడుగుతూ ముహూర్తం దాటించేశారు. ఆ పుస్తకం అచ్చయి తొమ్మిదేళ్లయింది. నిరుడు ఇంకో ప్రచురణ సంస్థ నిగనిగలాడే అట్టతో అదే పుస్తకాన్ని బజార్లోకి తెచ్చింది. వరుస అదే, అర్థాలు అవే. లోపల సరుకంతా మాస్టారిది, అట్ట మీద పేరు మాత్రం ఇంకెవరిదో.

మాస్టారు కోర్టుకెక్కారు. మాటలు ఎవరి సొత్తూ కాదు, మేమూ వీధుల్లోనే విన్నాం అన్నారు అవతలివాళ్లు.

రేపు పదిన్నరకి వాయిదా. లాయరు పుస్తకం తిరగేసి ఒక్క మాట దగ్గర వేలు పెట్టాడు. ‘ఊపిరితాడు: ఫోనుకు కరెంటు ఎక్కించే తీగ. పుట్టుక తెలియదు.’

“కేసంతా దీని మీదే నిలబడాలి మాస్టారూ. మిగతా మాటల్తో లాభం లేదు. దీని సంగతి బయట గట్టిగా విచారించి రండి. రేపు జడ్జిగారు అడిగితే మనం నీళ్లు నమలకూడదు” అన్నాడు.

ఆ విచారణే ఇప్పుడు మాస్టారి ప్రాణం తీస్తోంది.

ఎండకి కళ్లు తిరిగి పక్కనున్న క్లినిక్‌లో కూలబడ్డారు. ఎదురుగా గోడ మీద, ప్లగ్గు పైన, స్కెచ్ పెన్నుతో రాసిన కాగితం ఉంది. ‘రోగుల తాలూకు వారు ఊపిరితాళ్లు ఇక్కడ గుచ్చరాదు.’

“ఇది రాసిందెవరమ్మా?”

“నేనే. ఏం, తప్పులున్నాయా?” అంది నర్సు.

“ఆ మాట ఎక్కడిది?”

“ఎక్కడిదేంటండీ, మాదే! ముక్కుకి ఆక్సిజన్ గొట్టం పెడతాం చూడండి, వెనకటి నర్సులు దాన్ని ఊపిరితాడు అనేవాళ్లట. మా దగ్గర్నుంచే బయటికి పాకింది.”

“బావులు తవ్వేవాళ్లది అంటున్నారే!”

“ఎవరండీ అన్నది? బావుల్లో ఫోన్లేంటి?”

“గొట్టాన్ని పట్టుకుని తాడు అంటారా ఎక్కడైనా?” మాస్టారి గొంతు లేచింది. “ఆధారం చూపించు. పాత కాగితం, పాత రిజిస్టరు, ఏదో ఒకటి!”

“ముందు మీ బీపీ చూస్తా, చెయ్యి ఇలా ఇవ్వండి” అంది నర్సు. చూసింది. ఎక్కువే ఉంది.

మాస్టారు కాళ్లీడ్చుకుంటూ ఇల్లు చేరేసరికి సాయంత్రం అయిదయింది. గుమ్మంలో ఇంకా రెండో చెప్పు విప్పనేలేదు, లోపల్నుంచి కోడలు కేకేసింది.

“మామయ్యా, నా ఊపిరితాడు గానీ చూశారా?”

ఆయన ఆ ఒక్క చెప్పుతోనే నిలబడిపోయారు.

“నువ్వు కూడానా తల్లీ! నా పుస్తకంలో చూసి నేర్చుకున్నావా?”

కోడలు నాలుక కరుచుకుంది. “ఏమీ అనుకోకండి మామయ్యా, నేనింకా దాన్ని తెరవనేలేదు. ఇది మా అమ్మమ్మ మాట. చిన్నప్పట్నుంచీ వింటున్నా.”

“నీ చిన్నప్పుడు మీ ఇంట్లో సెల్‌ఫోన్ ఉండేదా?”

“ఉండేది కాదనుకోండి. అయినా అమ్మమ్మ అనేది. నాకు బాగా గుర్తు.”

మాస్టారు వెళ్లి కార్డుల పెట్టెల మధ్య కూర్చున్నారు. గోడ పొడుగునా పెట్టెలే. ఒక్కో కార్డు వెనక ఒక్కో ఎండ, ఒక్కో బస్సు ప్రయాణం. అరవై ఎనిమిదేళ్ల మనిషికి ఏడుపొచ్చింది. ఎవరి మీద అరవాలో తెలియక కళ్లజోడు తీసి తుడిచిందే తుడిచారు.

ఫోను మోగింది. లాయరు.

“ఏమైంది మాస్టారూ? తేలిందా?”

“తేలిందండీ.”

“ఏం తేలింది?”

“కాపీ కొట్టినవాడు దొరికిపోవాలని నా పుస్తకంలో నేను సొంతంగా కల్పించి పెట్టిన ఒకే ఒక్క మాటని, ఊరంతా తాతల దగ్గరా అమ్మమ్మల దగ్గరా నేర్చుకుందట లాయరుగారూ!”