చిలకల బల్ల

“ఏమయ్యా, ఈ చెక్క నీకెక్కడిది?”

భార్య పున్నమ్మ కేక విని కోటాచారి ఉలి కింద పెట్టాడు. అతను రెండు నెలలుగా ఇంటి వసారాలో కూర్చుని చెక్కిన బల్ల అది. విరగకాసిన మామిడి కొమ్మ, దాని మీద చిలకల జంట. మామిడికాయల షావుకారు సత్యనారాయణమూర్తి కొత్తింటి హాల్లో గోడకు తగిలించాలి. రేపే గృహప్రవేశం, బండి ఇవాళే వస్తుంది. వెనక పక్క నూనె రాద్దామని బోర్లా తిప్పిన పున్నమ్మ అలాగే నిలబడిపోయింది.

ఎక్కడిదేమిటి, ఓ పొద్దున లేచేసరికి కంచెకి ఆనించి ఉంది, షావుకారే పంపించాడనుకున్నానన్నాడు కోటాచారి. వెనక మూల కాస్త మాడితేనేం, బాగా ఎండిన పనస చెక్క, వెతకబోయినా దొరకదు, మన అదృష్టం అని కూడా అన్నాడు.

“అదృష్టమా నీ మొహమా. స్వరాజ్యం వచ్చిన నెలలో వాళ్ల నాన్న, పెద్ద షావుకారు పోలేదూ? ఆయన శవానికి స్నానం చేయించింది దీని మీదే. తల దగ్గర దీపం ఒరిగి ఈ మూల కాలింది. కళ్లారా చూసినదాన్ని.”

కోటాచారి గబుక్కున లేచొచ్చి ఆ మూల చూశాడు. శవాన్ని పడుకోబెట్టిన చెక్కను ఊరవతల పారేస్తారు గాని మళ్లీ గడప తొక్కనివ్వరు. అలాంటిది కొత్తింటి గోడకా! తెలిస్తే షావుకారు తోలు ఒలిచేస్తాడు. ఆపైన చాట్రాయి నుంచి బాపులపాడు దాకా తనను గుమ్మం చెక్కడానికి కూడా ఎవరూ పిలవరు. మళ్లీ చెక్కాలంటే రెండు నెలలు కావాలి, చేతిలో ఉన్నది ఒక్క పూట.

చిత్రిక తీసి ఆ మచ్చ మీద పిచ్చెత్తినట్టు తోశాడు. లోపలిదాకా కాలిపోయింది, ఎక్కడ పోతుంది? పొయ్యిలో పెట్టేసి దొంగలెత్తుకుపోయారని చెబుదామంది పున్నమ్మ. గొడ్డలైతే తెచ్చాడు గాని చిలకల మీద చెయ్యి ఆడలేదు. గొంతుక్కూర్చుని ఏడ్చాడు.

అంతలో బండి వచ్చి ఆగింది. దిగింది షావుకారు కాదు, ఆయన తల్లి నాగేశ్వరమ్మ. భర్త సంవత్సరీకం మొన్ననే అయింది. ఆ తెల్లచీర చూడగానే కోటాచారికి ఇక దాచబుద్ధి కాలేదు. వెళ్లి ఆవిడ కాళ్ల మీద పడి, తెలియక చేశానమ్మగారూ అంటూ జరిగిందంతా చెప్పేశాడు.

ఆవిడ కోప్పడలేదు. వంగి, కాలిన మూలను వేళ్లతో తడిమింది.

“తెలుసు నాయనా. పారేయమంటే నాకు చేతులు రాలేదు. కాయలు మగ్గబెట్టే కొట్లో గడ్డి కింద దాచాను. నీ కంచెకి ఆనించి పెట్టించింది నేనే.”

కోటాచారి తలెత్తి చూశాడు.

“ముండమోసినదాన్ని, రేపు నన్నెలాగూ ఆ హాల్లో అడుగు పెట్టనివ్వరు. ఆయన్నైనా ఉండనీ.”